రానిబాకీల ఖాతాలో సైబర్ దాడి

బాలానగర్‌లో నాకు తెలిసిన ఒకాయన లేత్ మిషన్ల వర్క్‌షాప్ నడుపుతాడు. పదకొండు మంది పనివాళ్లు, ఒక అకౌంటెంట్, లెక్కలు రాసుకునే ట్యాలీ సాఫ్ట్‌వేర్ ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్. ఒక సోమవారం పొద్దున ఆన్ చేస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. డబ్బు కట్టమంటూ స్క్రీన్ మీద ఇంగ్లిషులో ఒక నోటు. ఆయన పైసా కట్టలేదు. తెలిసిన కుర్రాణ్ని పిలిపించి సిస్టమ్ ఫార్మాట్ కొట్టించాడు. మూడు వేలతో పీడా వదిలిందనుకున్నాడు.

అసలు తిప్పలు ఆ తర్వాతే. బ్యాకప్ తీసే పెన్‌డ్రైవ్ కూడా ఆ కంప్యూటర్‌కే గుచ్చి ఉండడంతో అదీ పోయింది. పాత బిల్లులు చాలావరకు జీఎస్టీ పోర్టల్లో దొరికాయి. కానీ ఏ బిల్లుకి ఎంత వచ్చిందో, ఎవరు ఎంత కోత పెట్టారో, ఏ సరుకు తిరిగొచ్చిందో పోర్టల్‌కేం తెలుసు? బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డబ్బు పడ్డట్టు ఉంటుంది గానీ అది ఏ బిల్లు తాలూకో ఉండదు. చివరికి సరుకు కొన్న పార్టీలకు ఒక్కొక్కరికే ఫోన్ చేసి, "సార్, మీరు మాకు ఎంత ఇవ్వాలో కాస్త చూసి చెప్తారా?" అని అడగాల్సి వచ్చింది. బాకీ ఎంతో బాకీదారునే అడగడం! కొందరు మర్యాదగా లెడ్జర్ కాపీ పంపారు. కొందరు "చూసి చెప్తాం" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

సైబర్ దాడి వార్త రాగానే మనం అడిగేది "ఎంత కొట్టేశారు?" అని. ఆ ప్రశ్నతోనే లెక్క పక్కదారి పడుతుంది. దొంగ చేతికి ఎంత పోయిందన్నది ఒక లెక్క, దాడి వల్ల ఎంత పోయిందన్నది వేరే లెక్క. రెండోదానికి మన ఖాతా పుస్తకాల్లో పద్దే లేదు.

టాటాల చేతిలో ఉన్న జాగ్వార్ ల్యాండ్ రోవర్ సంగతే చూడండి. 2025 ఆగస్టు ఆఖర్లో దాడి జరిగింది. బ్రిటన్‌లో సెప్టెంబర్ 1 నుంచి కార్లకు కొత్త నంబర్ ప్లేట్లు వస్తాయి, అమ్మకాలు జోరుగా సాగే రోజులవి. సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీలు ఆగాయి, మళ్లీ అక్టోబర్‌లో గానీ మొదలవలేదు. దాడి ఖర్చు కింద జులై-సెప్టెంబర్ త్రైమాసికంలో కంపెనీ చూపించింది 19.6 కోట్ల పౌండ్లు. దాన్ని పక్కన పెట్టి లెక్కేసినా, పన్నుకు ముందు 48.5 కోట్ల నష్టం. అంతకు ముందు ఏడాది అదే త్రైమాసికంలో 39.8 కోట్ల లాభం. అమెరికా సుంకాల దెబ్బ కూడా ఇందులో ఉంది, కాదనలేం. అయినా బ్రిటన్‌లోని సైబర్ మానిటరింగ్ సెంటర్ మొత్తం దేశానికి కట్టిన నష్టం అంచనా ఎంతో తెలుసా? 190 కోట్ల పౌండ్లు. దెబ్బ తగిలిన సంస్థలు 5 వేలకు పైనే.

ఆ 5 వేల మందిలో చాలామందిని హ్యాకర్ నేరుగా ముట్టుకోలేదు. వాళ్ల కంప్యూటర్లు శుభ్రంగా పనిచేస్తున్నాయి. కానీ ఫ్యాక్టరీ ఆగితే బోల్టులు, సీట్లు, వైరింగ్ పంపేవాడి సరుకు షెడ్డులోనే ఉండిపోతుంది. అద్దె, జీతాలు, బ్యాంకు కిస్తీ ఆగవు కదా. బ్రిటన్ ప్రభుత్వం 150 కోట్ల పౌండ్ల రుణానికి హామీ ఇచ్చింది, అదీ పెద్ద కంపెనీ పేరు మీదే. అక్కడినుంచి కింది షెడ్డు దాకా డబ్బు దిగేలోపు చిన్నవాడి పని అయిపోతుంది.

లెక్కలు పోవడం ఎంత ప్రమాదమో తెలియాలంటే కేఎన్‌పీ కథ చాలు. 158 ఏళ్ల చరిత్ర ఉన్న బ్రిటన్ లారీల కంపెనీ. 2023లో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దెబ్బకు మూతపడింది, 700 మంది రోడ్డున పడ్డారు. లారీలున్నాయి, డ్రైవర్లున్నారు. కానీ సిస్టమ్‌లతో పాటు ఆర్థిక లెక్కలూ దెబ్బతిన్నాయి, కావాల్సిన పెట్టుబడి పుట్టలేదు. అంత పెద్ద కంపెనీకి వచ్చిన కష్టమూ బాలానగర్ కష్టం లాంటిదే.

మన దగ్గరికొస్తే, 2022 జనవరిలో హైదరాబాద్ మహేశ్ బ్యాంకులో 12 కోట్లకు పైగా కొట్టేశారు. ఉద్యోగులకు వచ్చిన మెయిళ్లతో మొదలైన కథ అది. మరుసటి ఏడాది రిజర్వ్ బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. కాగితం మీద ఉన్నవి ఈ రెండే. "మన డబ్బులు భద్రమేనా?" అని కౌంటర్ దగ్గర నిలబడ్డ డిపాజిటర్ టెన్షన్‌కి, ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసుకెళ్లి వేరే బ్యాంకులో వేసుకున్నవాడి సొమ్ముకి ఏ పద్దూ లేదు.

మన చట్టాల చూపు కూడా అటు లేదు. సైబర్ దాడి జరిగితే, వాటిని చూసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి 6 గంటల్లో చెప్పాలన్న నియమం 2022 నుంచి ఉంది. వ్యక్తిగత డేటా చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది. మంచిదే. కానీ ఆ జరిమానా వెళ్లేది ఖజానాకి. పెద్ద కంపెనీ సర్వర్ పడిపోయిందని మూడు వారాలు బిల్లు పాస్ కాని చిన్న సప్లయర్‌కి దానివల్ల ఒరిగేదేమీ లేదు. పెద్ద కంపెనీలు దాడి గురించి చెప్పేటప్పుడు సప్లయర్లకు ఎంత బకాయి నిలిచిందో, ఎన్ని రోజులు నిలిచిందో కూడా చెప్పి తీరాలన్నది నా వాదన. అది చెప్పడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

బాలానగర్ ఆయన మాత్రం ఇప్పుడు సాయంత్రం షట్టర్ దించేముందు హార్డ్ డిస్క్ ఊడదీసి, టిఫిన్ క్యారియర్ సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్తున్నాడు. మార్చిలో ఆడిటర్ వచ్చినప్పుడు, తేలని పార్టీల బాకీలన్నీ కలిపి ఏ పద్దు కింద చూపించాలని అడిగాడట. ఆడిటర్ కాసేపు ఆలోచించి 'రానిబాకీలు' అని రాయించాడు. ఆ బ్యాలెన్స్ షీట్ చూసే బ్యాంకు మేనేజర్‌కి, పాపం, ఆయన అప్పులు వసూలు చేసుకోవడం చేతకాని మనిషి.