కన్సోళ్ల జోస్యం గారికి, తిరుపతి నుంచి

మహారాజశ్రీ వీడియో గేమ్ కన్సోళ్ల జోస్యం గారికి,

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి తమరి పాత శ్రోత నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టెలు, అదే కన్సోళ్లు, అవీ క్షేమమే. తమరికి ఈ కబురు రుచించదని తెలుసు.

"ఇదే ఆఖరి తరం, ఇంక కన్సోళ్లు రావు" అని తమరు తరం తరానికీ చెప్తూనే ఉన్నారు. 1983లో అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలినప్పుడు అంటే అన్నారులే. అక్కడి గేముల కంపెనీ అటారీ వాళ్లు అమ్ముడుపోని సరుకును న్యూ మెక్సికోలో గొయ్యి తీసి పూడ్చిన రోజులవి. 2014లో మళ్లీ తవ్వితే కాట్రిడ్జ్‌లు, అంటే కన్సోల్లో దూర్చే ఆటల డబ్బీలు, బయటపడ్డాయి కూడా. కానీ అదే 1983లో జపాన్‌లో నింటెండో కంపెనీ కన్సోల్ ఫ్యామికామ్ పుట్టింది. అమెరికాలో పాడె కడుతుంటే జపాన్‌లో ఉయ్యాల కట్టారు. తమరు పాడె దగ్గర నుంచి ఇంతవరకు లేవలేదు.

ఆ ఫ్యామికామ్ నకళ్లే తొంభైల్లో మా ఇళ్లకు చేరాయి. "9999 ఇన్ 1" అని కాట్రిడ్జ్ మీద రాసుండేది. లోపల చూస్తే ఉన్న నాలుగు ఆటలే నెంబర్లు మార్చుకుని తిరుగుతుండేవి. తమరి జోస్యాలు కూడా ఆ కాట్రిడ్జ్‌లో నుంచే వస్తున్నాయని నా అనుమానం.

ఫోన్లొచ్చాయి, పని అయిపోయిందన్నారు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ 15 కోట్లు దాటి అమ్ముడుపోయింది. పెట్టె ఎందుకు, ఆట మబ్బుల్లోంచే, అంటే ఇంటర్నెట్‌లోంచే వస్తుందన్నారు. అట్లా వచ్చిన గూగుల్ స్టేడియా 2019 నవంబర్లో మొదలై 2023 జనవరిలో మూతబడింది. మన దేశంలో కాలు పెట్టకుండానే కాలం చేసింది పాపం. 2001లో సెగా కన్సోళ్లు మానేసిన మాట నిజమే, కానీ పోయింది ఒక కంపెనీ దుకాణం. పక్కనే సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 2 కి జాతర జరుగుతోంది.

ఇవన్నీ క్షమిస్తాను. క్షమించలేనిది ఒకటుంది. కన్సోల్ వయసు పెరిగేకొద్దీ ధర దిగడం దాని పుట్టుగుణం. ప్లేస్టేషన్ 2 అమెరికాలో 299 డాలర్లకు మొదలై 2009కి 99కి దిగింది. మా బోటివాళ్లం "రెండేళ్లు ఆగుదాంలే" అనుకునేది ఆ ధైర్యంతోనే. మరి ప్లేస్టేషన్ 5? మన దగ్గర 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలు, మరుసటి ఏడు నవంబర్లో 54,990. అమెరికాలో 2020లో 499 డాలర్లున్నది 2025లో 549 అయింది. పాతబడేకొద్దీ ప్రియమయ్యే యంత్రం వస్తుందని తమరెందుకు చెప్పలేదు? ఉగాదికి గుడిలో పంచాంగం చదివే అయ్యవారే నయం. ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని అంకెలు చెప్తాడు, మా అవ్వ వేళ్లు మడిచి లెక్కేసుకుంటుంది. తమరు మరణయోగం ఒక్కటి చదివేసి సంభావన పుచ్చుకుని వెళ్లిపోతారు.

2024లో ప్లేస్టేషన్ 5 ప్రో మన దేశానికి రాకపోవడమూ తమరికి తట్టలేదు. అందులోని కొత్త రకం వైఫై (వైఫై 7) వాడే 6 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల బ్యాండుకు అప్పటికి ఇక్కడ అనుమతి లేదని ఆపారు. శని, రాహువు, కేతువు, బ్యాండు!

తమరు ఒక ఆదివారం మా వీధి గేమింగ్ పార్లర్‌కు దయచేయండి. హాస్టళ్ల నుంచి ఔటింగ్‌కు వచ్చిన ఇంటర్ పిల్లకాయలు గంట లెక్కన కూర్చుని ఫుట్‌బాల్ ఆడుతుంటారు. ఒక కంట్రోలర్ ఎడమ పుల్ల లోపలి భాగం అరిగిపోయి, ఎవరూ ముట్టకపోయినా ఆటగాడు గోల్ వదిలేసి గ్యాలరీ పక్కకు నడుస్తుంటాడు. ఆ కంట్రోలర్ ఎవరి వాటాకొస్తే వాడు ముందే ఓడినట్టు. డిస్కు గీతలు పడితే పార్లర్ నడిపే అన్న లుంగీ అంచుతో తుడిచి మళ్లీ దూరుస్తాడు. డిస్కు దూర్చే సందే లేని మోడల్ వచ్చిందని తెలిసినప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. ఇప్పుడైతే ఆడి విసుగొచ్చిన డిస్కు ఇంకో పార్లర్ వాడికిచ్చి వాడిది తెచ్చుకుంటాడు. డౌన్‌లోడ్ చేసిన ఆటను ఎవడికని చేతికిస్తాడు?

"ఏమప్పా, ఇంకో కొత్తది వస్తాదంట గదా, ఇప్పుడు కొనాల్నా, ఆగాల్నా?" అని నన్ను అడుగుతున్నాడు. తమరి మాట నమ్మి పోయినసారి ఆగి, ఐదు వేలు ఎక్కువ పెట్టి కొన్నాడు. ఈసారి ఆగమని చెప్పేటట్టుంటే, పెరిగే తేడా తమరే కడతామని తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపండి.

ఇట్లు,
తమరి జోస్యానికి ఇంకా బతికున్న శ్రోత