పందికొక్కుల వారికి రాత్రి విందు

కోళ్ల గూట్లో ఎలుకలు పడితే ఏం చేయాలన్న ప్రశ్నకు మన గోదావరి జిల్లాల్లో ఇప్పుడు శాస్త్రీయమైన జవాబు దొరికింది. అరచేతిలో ఇమిడే తెల్లటి డబ్బా ఒకటి తెప్పించి, ప్లగ్గులో దూర్చి, అందులో నీలి దీపం వెలగగానే గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవాలి. ఆ డబ్బా మనుషుల చెవికి అందని శబ్దం చేస్తుందట, అది భరించలేక ఎలుకలన్నీ పిల్లాపాపలతో ఊరి పొలిమేర దాటిపోతాయట. మనకు వినిపించదు కనుక అసలు అది మోగుతున్నదో లేదో చెప్పగలిగిన సాక్షి ఎలుక ఒక్కటే. పిలిచి అడగడానికి వీలులేని సాక్షిని చూపించి సరుకు అమ్మగలిగినవాడికి వర్తకంలో ఎదురుండదు.

అమెరికాలో వర్తకపు మోసాలను పట్టుకునే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే ఇలాంటి యంత్రాలు తయారుచేసేవారికీ అమ్మేవారికీ, 60కి పైగా సంస్థలకు, మీరు చెప్పుకుంటున్న గొప్పలకు శాస్త్రీయమైన రుజువు ఉండాలి సుమా అని హెచ్చరిక లేఖలు పంపింది. ఎలుకకు ఆ శబ్దం వినిపించే మాట నిజమే. అయితే కొద్ది రోజుల్లో దానికి అది అలవాటైపోతుంది, మధ్యలో ఒక గోడో తవుడు బస్తానో అడ్డం వస్తే ఆ శబ్దం అక్కడితో ఆగిపోతుంది. మన పెరళ్లలో తవుడు బస్తాలకు కొదవేముంది?

మా బంధువర్గంలో పందెం కోళ్లను సాకే పెద్దమనిషి ఒకరున్నారు. సంక్రాంతి దగ్గరపడే కొద్దీ ఆయన పుంజులకు బాదంపప్పు, ఉడికించిన గుడ్డు, కైమా వేళ తప్పకుండా అందుతాయి. పుంజు తిన్నంత తిని వదిలేసింది రాత్రంతా ఆ గిన్నెలోనే ఉంటుంది, ఎందుకంటే అర్ధరాత్రి దానికి ఆకలి వేస్తే అన్న బెంగ ఆయనకు. చీకటి పడితే కోడికి కళ్లు సరిగా కనిపించవని, అది కదలకుండా కొయ్య మీదే కూర్చుంటుందని తెలిసినా ఆ బెంగ తీరదు. కనుక ఆ బాదంపప్పు ఎవరికి చేరుతున్నదో వేరే చెప్పనక్కరలేదు. ఆ పెరట్లో తిరిగే పందికొక్కులకున్న నిగారింపు, ఆ మెడ, ఆ నడక చూస్తే భీమవరం బరిలోకి వాటినే దించితే పోలేదా అనిపిస్తుంది.

ఆయన వంటింటి కిటికీలోంచి గూటిదాకా పొడవాటి వైరు లాగి డబ్బా బిగించారు. మొదటి రాత్రి ఆ నీలి వెలుతురుకు కోళ్లకు నిద్ర లేదు. ఎలుకలు మాత్రం గిన్నె ఎక్కడుందో వెతుక్కునే శ్రమ తప్పి, ఆ వెలుతురులోనే భోంచేశాయి. తర్వాత వైరు తెగింది. ఎలుక ముందరి పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి కనుక ఏదో ఒకటి కొరకక దానికి గత్యంతరం లేదని మనం అనుకుంటాం. ఆయన వాదన వేరు: డబ్బా పనిచేస్తున్నది కాబట్టే దాని మీద కసికొద్దీ కొరికాయట. కొత్త వైరును గొట్టంలోంచి లాగారు. పందికొక్కు సరిగ్గా ఆ గొట్టం పక్కనే కలుగు తవ్వి బుట్టెడు మట్టి పైకి పోసింది. అమ్మినవారికి ఫోను చేస్తే, ఎలుకలకు విసుగు పుట్టడానికి నాలుగు వారాలు పడుతుంది, ఓపిక పట్టండి అన్నారు. ఎలుకకు కాన్పు రావడానికి మూడు వారాలు చాలు. ఆ ఓపికకు ప్రతిఫలంగా ఆయన రెండో డబ్బా కొన్నారు.

కోడి గుడ్లు పొదగడానికి 21 రోజులు తీసుకుంటే ఎలుక కూడా దాదాపు అన్ని రోజులకే ఈనుతుంది. కోడిపిల్ల పెరిగి గుడ్డు పెట్టడానికి అయిదారు నెలలు పడితే, ఎలుక పిల్ల రెండు మూడు నెలలకే తల్లి అవుతుంది. ఈ లెక్క తెలిసి కూడా పెరట్లో రాత్రి మేత వదిలేసే మనిషి పెంచుతున్నది కోళ్లను అనుకోవడానికి మనసొప్పదు. గుడ్లు పొదిగే పెట్ట కాళ్లు ఎలుకలు కొరికినప్పుడూ, గంప కింద కప్పిన పిల్లలు తెల్లారేసరికి సగానికి సగం మాయమైనప్పుడూ మాత్రం ఆయన ఏడుపు నిజమైన ఏడుపే.

పిల్లిని పెంచమనే సలహాదారుల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఎదిగిన పందికొక్కు ఎదురుపడితే పిల్లి మర్యాదగా దారి వదులుతుంది, ఆ పరువు నష్టాన్ని కోడిపిల్లల మీద తీర్చుకుంటుంది.

చేయవలసిన పని ఎంత చప్పగా ఉంటుందంటే, దాన్ని వీడియో తీసి పెడితే చూసేవాడు ఉండడు. పొద్దు వాలగానే మేత గిన్నెలు ఎత్తి కడిగేయాలి. నూకలు, తవుడు గోనెసంచిలో కాక మూత బిగిసే ఇనుప డబ్బాలో పోసుకోవాలి. గూటి వెనక కట్టెల మోపులు, కొబ్బరి డొక్కలు తీసేయాలి. అర అంగుళం సందులో పిల్ల ఎలుక దూరిపోతుంది కనుక, కోడి బయటకు రాకుండా మాత్రమే ఆపగలిగే ఆ సన్నతీగ వల కాకుండా, అంతకన్నా చిన్న కళ్లున్న వెల్డ్‌మెష్ అనే గట్టి ఇనుప వల కొట్టి, దాని అంచును అడుగు లోతు పాతి బయటి వైపుకు వంచాలి.

మందే పెట్టాలనుకుంటే దానికీ ఒక పద్ధతి ఉంది, వ్యవసాయ శాఖ వారు వరి రైతులకు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూసి, తెల్లవారి తెరుచుకున్నవాటిలోనే ఎలుక ఉన్నట్టు గుర్తుపట్టాలి. 96 పాళ్లు నూకలకు 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమడయోలోన్ అనే ఎలుకల మందు పొడి (0.25 శాతంది) కలిపి, 10 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టి, కోడికీ కుక్కకూ అందనంత లోపలికి వేసి మూసేయాలి. చచ్చిన ఎలుకను తిన్న గుడ్లగూబ కూడా చచ్చే ప్రమాదం ఉంది కనుక వాటిని ఏరి పాతిపెట్టాలి. వీధి వీధంతా ఒకేసారి చేయాలి. ఇంత పని ఎవడు చేస్తాడు?

కనుక మనవాడు కిరాణా కొట్టుకు వెళతాడు. అక్కడ చాక్లెట్ల సీసా పక్కన, టూత్‌పేస్టు గొట్టం వంటి గొట్టంలో పసుపు భాస్వరం పేస్టు దొరుకుతుంది. దాన్ని టమాటా ముక్క మీద రాసి, గూటి పక్కన నేల మీద పెట్టి వస్తాడు, తన మనవరాలు పొద్దున్నే గుడ్ల కోసం పరుగెత్తుకుంటూ వెళ్లే ఆ గూటి పక్కనే! ఆ విషానికి విరుగుడు లేదు. మొదటి రోజు వాంతులై, తర్వాత ఒకటి రెండు రోజులు పిల్ల బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు, లోపల కాలేయం పాడైపోతూ ఉంటుంది. నోట్లో పడిందన్న అనుమానం వచ్చినా ఆ క్షణమే పెద్దాసుపత్రికి పరుగెత్తాలన్న సంగతి దాన్ని అమ్మినవాడు చెప్పడు. దగ్గు మందుకు చీటీ అడిగే దేశంలో దీన్ని పిల్లల చేతికి కూడా ఇచ్చి పంపుతున్నారు, చిల్లర లేకపోతే పైన ఒక చాక్లెట్ కూడా పెడుతున్నారు. ఇక్కడ నాకు వేళాకోళం రావడం లేదు. అమ్మేవాడికి సిగ్గు లేదు, అమ్మనిచ్చేవాడికి అసలే లేదు.

ఇంతా చేసి, ఎలుక సంగతి నిజంగా తెలిసినవాడు సైకిలు మీద బుట్టలు కట్టుకుని మన ఊళ్లోనే తిరుగుతుంటాడు. కలుగు మొహం చూసి లోపల ఎలుక ఉందో లేదో చెబుతాడు, మందు చుక్క వాడకుండా వెదురు బుట్టతో పట్టి చూపిస్తాడు, పోతూ పోతూ రాత్రి మేత ఎత్తేయమని కూడా చెప్పి పోతాడు. తోకకు ఇంత అని అతని కూలి. పుంజుకు కిలో బాదంపప్పు కొనిపెట్టేటప్పుడు ధర అడగని ఆ పెద్దమనిషే అరుగు మీద కూర్చుని, పట్టిన తోకలను పుల్లతో వరసగా జరిపి లెక్కపెట్టి, ఇందులో నాలుగు పిల్ల ఎలుకలున్నాయి, వాటికి సగం డబ్బులే ఇస్తానని అరగంట సేపు బేరమాడాడు.