దామరచర్ల కరెంటు, పాలమూరు ఎత్తిపోతలు: వాతావరణ లెక్క ఎవరి దగ్గరుంది?

ఫ్లోరైడ్ నీటిని శుద్ధి చేసే ఒక పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. 1970లలో జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించిన 'నల్లగొండ టెక్నిక్'కు కావాల్సినవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. ఖరీదైనవేమీ కావు. అయినా మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లలో ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పిల్లల కాళ్లు వంకర్లు పోయాయి. పటిక ఎవరు కొనాలి, రోజూ ఎవరు కలపాలి, అడుగున చేరిన మడ్డి ఎవరు తీయాలి, ప్లాంటు ఆగితే ఎవరిని నిలదీయాలి? చాలాచోట్ల వీటికి జవాబు లేకపోయింది. చివరకు కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాకే ఊరట దొరికింది.

వాతావరణ మార్పుపై దేశాల పనితీరు పోల్చి చూస్తే నాకు కనిపించేదీ ఇదే. ఏం చేయాలో దాదాపు అన్ని ప్రభుత్వాలకూ తెలుసు. చేయకపోతే సంజాయిషీ ఇవ్వాల్సింది ఎవరో తేల్చుకున్నవి మాత్రం కొన్నే.

బ్రిటన్ 2008లోనే వాతావరణ చట్టం చేసుకుంది. ఐదేళ్లకోసారి ఎంత కర్బనం వదలవచ్చో పరిమితి కట్టి, దాన్ని పన్నెండేళ్ల ముందే పార్లమెంటులో ఖరారు చేయాలి. నిపుణుల స్వతంత్ర కమిటీ ఏటా ప్రగతి నివేదిక ఇస్తుంది, ప్రభుత్వం దానికి జవాబు చెప్పి తీరాలి. ప్రణాళికలో పస లేదని 2022లో ఒకసారి, 2024లో మరోసారి హైకోర్టే తప్పుపట్టింది. 2024 సెప్టెంబరులో ఆ దేశం తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసేసింది. ఇప్పుడు అక్కడి ప్రతిపక్షం ఆ చట్టాన్నే రద్దు చేస్తానంటోంది. అదైనా పార్లమెంటులో అందరి ముందూ జరగాలి, ఒక జీవోతో చడీచప్పుడు లేకుండా అయ్యే పని కాదు.

జర్మనీలో 2021లో రాజ్యాంగ న్యాయస్థానం కల్పించుకుని, వాతావరణ చట్టంలో 2030 తర్వాత కర్బనం తగ్గించే భారాన్ని రేపటి తరంపైకి నెట్టేశారని తప్పుపట్టింది. కొద్ది నెలల్లోనే చట్టం బిగిసింది. 2024లో మళ్లీ సడలించారు, ఒక్కో శాఖ మీద ఏటా పడే బాధ్యత పలచబడింది. ఆస్ట్రేలియాలో 2012లో వచ్చిన కర్బన ధర (కర్బనం వదిలే పెద్ద సంస్థలు కట్టాల్సిన రుసుము), ప్రభుత్వం మారగానే 2014లో పోయింది. చట్టం ఉంటే చాలదని, దాని వెనుక పార్టీలకు అతీతమైన ఒప్పందం కూడా ఉండాలని ఈ రెండూ చెబుతున్నాయి.

మన దేశంలో 2008 జాతీయ కార్యాచరణ ప్రణాళిక ఉంది, అందులో ఎనిమిది మిషన్లున్నాయి. రాష్ట్రాలకూ ప్రణాళికలున్నాయి. వాటిని అమలు చేయకపోతే ప్రశ్నించే సమగ్ర వాతావరణ చట్టమే లేదు. ఫ్రిజ్‌ల మీద, ఏసీల మీద కనిపించే స్టార్ లేబుల్ మాత్రం నిలబడింది. దాని వెనుక 2001 ఇంధన పొదుపు చట్టం, ఒక బ్యూరో, జరిమానా ఉన్నాయి కాబట్టి.

ఇక మన దగ్గరికి వద్దాం. దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రాన్ని తలపెట్టింది విద్యుత్ రంగం. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలు నీటిపారుదల శాఖవి. 2018 జనవరి నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఇవ్వడం రాజకీయ నిర్ణయం. ఎవరి వాదనలో వాళ్లకు న్యాయం ఉంది. తరాలుగా ముంబై, పుణెలకు వలసపోయిన పాలమూరుకు నీళ్లు వద్దనే హక్కు ఎవరికీ లేదు, నేనూ అనను. కానీ ఎత్తిపోసే నీళ్లకు కరెంటు కావాలి, ఆ కరెంటుకు బొగ్గు కావాలి. ఉచిత కరెంటుతో యాసంగి వరి పెరిగితే బోర్లు లోతుకు పోతాయి. ఈ మొత్తాన్ని ఒకచోట కూడి చూసి, ఆగమనగలిగే అధికారం ఉన్న బల్ల ఏదీ సచివాలయంలో లేదు. యాదాద్రి పర్యావరణ అనుమతిని మళ్లీ పరిశీలించాలని 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పే నాటికి పనులు ఎంతో దూరం వెళ్లిపోయాయి. ఆ ప్రశ్న కూడా పిటిషన్ వేస్తే వచ్చిందే తప్ప ప్రభుత్వం లోపల పుట్టలేదు.

వడదెబ్బ విషయంలో కొంత కదలిక వచ్చింది. 2025లో రాష్ట్రం దాన్ని ప్రత్యేక విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు నాలుగు లక్షల పరిహారం ప్రకటించింది. ఆ కుటుంబాలకు ఇప్పుడు అడగడానికి ఒక ఆధారం దొరికింది, ఇది చిన్న మార్పు కాదు. అయితే ఇదంతా ప్రాణం పోయాక సంగతి. మేలో మిర్యాలగూడ రైస్ మిల్లు దగ్గర బస్తాలు మోసే హమాలీకి మధ్యాహ్నం విరామం ఇప్పించే పూచీ ఏ అధికారిది? ఉపాధి హామీ పని దగ్గర నీడ, నీళ్లు లేకపోతే ఎవరి మీద చర్య ఉంటుంది?

శాసనసభ ఒక వాతావరణ చట్టం చేయాలి. విద్యుత్, నీటిపారుదల, వ్యవసాయ శాఖల పెద్ద ప్రాజెక్టులు మంత్రివర్గానికి వెళ్లేముందే వాటి లెక్క తేల్చే స్వతంత్ర కమిటీ ఉండాలి. దాని నివేదికపై ఏటా బడ్జెట్ సమావేశాల్లో చర్చ జరగాలి. జిల్లాలో కలెక్టరు, మండలంలో తహసీల్దారు ఎండాకాలానికి ముందే ఏమేం చేశారో రాతపూర్వకంగా జనం ముందు పెట్టాలి. వీటిలో ఏ ఒక్కదానికీ ఢిల్లీ అనుమతి కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.