నామంజూరుకు బంగారు ఫ్రేము

హైదరాబాదు డబ్బుకు పదేళ్లకో పిచ్చి పడుతుంది. ఒకప్పుడు హాల్లో దుప్పి కొమ్ములు ఉండేవి. తర్వాత ఇత్తడి గ్రామఫోను వచ్చింది. అది ఒక్కసారైనా పాడినట్టు దాఖలాలు లేవు. ఆ తర్వాత తంజావూరు బొమ్మలు. ఇప్పుడు గృహప్రవేశానికి వెళ్తే, పాలు పొంగించిన వంటగది చూపించకముందే మిమ్మల్ని ఒక గోడ దగ్గర నిలబెడుతున్నారు. గోడ మీద బంగారు రంగు ఫ్రేము, పైన రెండు స్పాట్ లైట్లు, లోపల గోధుమరంగు కాగితం, దాని మీద మీకూ ఇంటాయనకూ కూడా రాని లిపి. "రాజుగారి సంతకం సార్. ఒరిజినల్" అంటారు. అప్పుడు మీరు రెండడుగులు వెనక్కి వేసి, తల కాస్త పక్కకు వంచి, "అబ్బ!" అనాలి. అనకపోతే రాజుగారికీ, ఇంటి మీద ఉన్న హోమ్ లోనుకూ ఒకేసారి అవమానం.

ఈ అభిరుచి మీద నాకు అపారమైన గౌరవం ఉంది. కాగితం చదవకుండానే దాని విలువ తెలుసుకోవడం మామూలు విద్య కాదు. మనలాంటి అల్పులం ఉత్తరం చేతికొస్తే ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఏమని రాశారు అని వెతుక్కుంటాం. వీళ్లకు అలాంటి బలహీనతలు లేవు. చూపు నేరుగా కాగితం అడుగుకు వెళ్తుంది. సంతకం ఉందా, ఉంది. ఎంత? అంత. అయిపోయింది. అది నిజమైనదేనని చెప్పే సర్టిఫికెట్ ఒకటి ఫ్రేము వెనక జేబులో ఉంటుంది. ఫర్మానా, అంటే రాజుగారి ఆజ్ఞాపత్రం కన్నా సర్టిఫికెట్టే మందంగా, నిగనిగలాడుతూ ఉంటుంది. దాని మీద సంతకం ఎవరిదంటే, అమ్మినాయనది. ఆయన సంతకం నిజమైనదేనా అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే దానికింకో సర్టిఫికెట్ కావాలి.

ఈ బజారు లెక్కలు తెలిస్తే కష్టపడి పనిచేయడం మీద నమ్మకం పోతుంది. రాజు ఎంత తక్కువ పనిచేస్తే సంతకానికి అంత రేటు. విక్టోరియా మహారాణి 1837 నుంచి 1901 దాకా కూర్చుని సంతకాలు పెట్టింది. సైన్యంలో ఆఫీసర్ల నియామక పత్రాల మీద కూడా ఆవిడే స్వయంగా పెట్టాలి. ఆ కట్టలు ఎంతకీ తరగక, ఇకమీదట రాణి చెయ్యి పడకపోయినా నియామకం చెల్లుతుందని 1862లో పార్లమెంటు చట్టమే చేసింది. అంత చాకిరీకి దక్కిన ఫలితం ఏమిటంటే, విక్టోరియా సంతకం ఈ బజార్లో తేలిగ్గా దొరికే సరుకు. అదే ఎనిమిదో ఎడ్వర్డ్‌ను చూడండి. 1936 జనవరిలో రాజయ్యాడు, డిసెంబరులో ప్రేమించినావిడ కోసం గద్దె దిగాడు. ఏడాది కూడా నిండలేదు కాబట్టి రాజు హోదాలో పెట్టిన సంతకానికి మంచి గిరాకీ. ఇంకా పైమెట్టు ఇంగ్లండు జేన్ గ్రే. 1553 జూలైలో తొమ్మిది రోజులు రాణి. ఆ తొమ్మిది రోజుల్లో 'జేన్ ద క్వీన్' అని పెట్టిన సంతకం దొరకడం గగనం. మరుసటి ఏడాది ఆ చిన్నపిల్ల తల నరికేశారు. వ్యాపారుల భాషలో దీన్ని 'సప్లై తక్కువ' అంటారు.

ఇంతా చేసి ఆ సంతకం రాజే పెట్టాడా అంటే, అదొక చిక్కు. ఇంగ్లండు ఎనిమిదో హెన్రీకి చివరి రోజుల్లో ఓపిక లేకపోతే సంతకానికి అచ్చు చేయించారు. అచ్చుతో కాగితం మీద ఒత్తి, ఆ గీతల వెంట గుమస్తా సిరా దిద్దేవాడు. నాలుగో జార్జి మంచం పట్టినప్పుడు ముద్ర కొట్టుకోవడానికి 1830లో ప్రత్యేకంగా చట్టమే తెచ్చుకున్నారు. ఫ్రాన్సు పద్నాలుగో లూయీ దగ్గర తూసాఁ రోజ్ అని ఒక కార్యదర్శి ఉండేవాడు. అచ్చం రాజు చేతిరాతలోనే ఉత్తరం మొత్తం రాసి సంతకం కూడా గిలికేసేవాడు. అది దొంగ సంతకం కాదు సుమా, ఆయన ఉద్యోగమే అది. అంటే ఎవరో కోటీశ్వరుడు లూయీ మహారాజుతో కరచాలనం చేసినంత మురిసిపోతూ ఇంట్లో వేలాడదీసుకున్నది, ఆఫీసులో క్లర్కు రాసిన కాగితం కావచ్చు. అందులో తప్పేం లేదు. నేనైతే క్లర్కుకే దండం పెడతాను. కానీ సర్టిఫికెట్లో అలా రాయరు కదా.

ఈ పిచ్చికి కులదైవం అంటూ ఉంటే అది మిషెల్ షాల్. ఆషామాషీ మనిషి కాదు. జ్యామితిలో ఆయన పేరు మీద సిద్ధాంతాలున్నాయి, ఫ్రెంచి సైన్సు అకాడమీ సభ్యుడు. ఆయన దగ్గరికి 1861 ప్రాంతంలో వ్రాన్ లూకా అనే ఒకతను చేరాడు. నా దగ్గర పాత ఉత్తరాలున్నాయి సార్ అన్నాడు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో ఒక జమీందారు దేశం విడిచి అమెరికా పోతుంటే ఓడ మునిగిందట, ఆ పెట్టెలోవేనట, అందుకే కొన్ని తడిసి మరకలు పడ్డాయట. షాల్ కొన్నాడు. లూకా ఇంకొన్ని తెచ్చాడు. ఇంకొన్ని కొన్నాడు. అలెగ్జాండర్ అరిస్టాటిల్‌కు రాసినది తెచ్చాడు, కొన్నాడు. షార్లమేన్ చక్రవర్తివి తెచ్చాడు, కొన్నాడు. క్లియోపాత్రా జూలియస్ సీజర్‌కు రాసిన ఉత్తరం తెచ్చాడు. కాగితం మీద. ఫ్రెంచి భాషలో.

మళ్లీ చెబుతున్నాను. ఈజిప్టు మహారాణి, రోమన్ సేనానికి, పాత పుస్తకాల్లోంచి చింపిన ఖాళీ కాగితం మీద, ఫ్రెంచిలో.

ఏమని రాసిందనుకున్నారు? మన బాబు సీజరియన్ బాగున్నాడు, త్వరలో ప్రయాణానికి తట్టుకునేలా ఉంటే ఫ్రాన్సులోని మార్సెయ్ పంపుదామనుకుంటున్నాను, అక్కడ గాలి మంచిది, చదువు కూడా బాగా చెబుతారట అని. అచ్చం విజయవాడలో ఇంటర్ కాలేజీ బ్రోషర్ చూసి వచ్చిన తల్లి. ఒక సామ్రాజ్యం కూలబోతోంది, చుట్టూ కుట్రలు, ఈవిడేమో హాస్టల్లో గాలి ఎలా ఉంది, ఫ్యాకల్టీ ఎలా ఉన్నారు అని వాకబు చేస్తోంది. సీజర్ జవాబు కూడా లూకా దగ్గర ఉండే ఉంటుంది. ఫీజు ఎంతట, వాయిదాల్లో కట్టొచ్చా, రెండో పిల్లాడైతే డిస్కౌంట్ ఉందా అని. షాల్ గనక ఆరా తీసి ఉంటే ఫీజు రసీదు కూడా దొరికేది, దాని మీద ప్రిన్సిపాల్ సంతకంతో సహా. బైబిల్లోని మేరీ మగ్దలీన్ దొరికింది, సమాధిలోంచి లేచి వచ్చిన లాజరస్ దొరికాడు, జూడాస్ దొరికాడు. అందరూ ఫ్రెంచివాళ్లే. ఒక్కడు కూడా స్పెల్లింగు కోసం ఇబ్బంది పడలేదు. గురుత్వాకర్షణ కనిపెట్టింది న్యూటన్ కాదు, మన ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కలే అని చెప్పే ఉత్తరాలను షాల్ 1867లో అకాడమీ ముందు పెట్టాడు. అప్పుడు గానీ రచ్చ మొదలవలేదు. ఫ్రెంచి క్లియోపాత్రాను మింగేసినవాడు ఇంగ్లీషు న్యూటన్ దగ్గర దొరికిపోయాడు. 1870లో కోర్టు వ్రాన్ లూకాకు రెండేళ్లు జైలు వేసింది. అప్పటికి షాల్ కొన్న దొంగ కాగితాలు వేలల్లో ఉన్నాయి. జ్యామితిలో చిన్న రుజువు ఒక్క మెట్టు తప్పితే ఒప్పుకోని మనిషి ఆయన. కింద ఒక పెద్ద పేరు కనిపించేసరికి పైన ఏముందో చదవడం మానేశాడు.

మన రాజుల విషయంలో ఈ ఆటకు ఇంకో అడ్డంకి. ఇంగ్లండు జాన్ రాజు 1215లో తన అధికారానికి హద్దులు ఒప్పుకున్న మాగ్నా కార్టా పత్రానికి ముద్రే వేయించాడు గానీ సంతకం పెట్టలేదు. అది చూడటానికి వెళ్లి సంతకం ఏ మూల ఉందని వెతికేవాళ్లను ఆ దేశం భరిస్తోంది. విజయనగర రాజులైతే ఇంకా తెలివైనవాళ్లు. రాగిరేకుల మీద దానశాసనం సంస్కృతంలో చెక్కించి, చివర కన్నడ లిపిలో 'శ్రీ విరూపాక్ష' అని ముగించేవారు. అదే వాళ్ల సంతకం. రాజు పేరు కాదు, హంపీలో ఉన్న దేవుడి పేరు. మన గృహస్తుకు ఇది ఎంత టెన్షనో ఆలోచించండి. దేవుడి సంతకం దొరికింది గానీ రాజుది దొరకలేదు. ఏ గదిలో పెట్టాలి? హాల్లోనా, పూజ గదిలోనా? వాస్తు ఏమంటుంది? పొలం దున్నుతుంటే బయటపడిన ఇలాంటి రేకులు ఎన్ని కరిగి చెంబులయ్యాయో ఎవరూ లెక్క పెట్టలేదు. చెంబుకు కనీసం నీళ్లు తాగే ఉపయోగముంది.

ఇక మన ఊళ్లో ఎక్కువగా వేలాడేది ఏడో నిజాం గారే. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కి 1948 దాకా పాలించాడు, ఫర్మానాలకు లోటు లేదు. ఆయన జేకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకునేవాడని చెప్పుకుంటారు. అంటే ఆయనకు వజ్రం కన్నా దాని కింద ఉన్న కాగితం ముఖ్యం. ఆయన్ని గోడకెక్కించిన భక్తులకు మాత్రం కాగితం కన్నా దాని మీద ఉన్న గిలుకుడు ముఖ్యం.

ఈమధ్య నేను చూసిన ఫ్రేము సంగతి చెబుతాను. ఇంటాయన పేరు చెప్పను. ఎప్పటిలాగే నిలబెట్టారు, ఎప్పటిలాగే "అబ్బ!" అన్నాం. నిజాం గారు ఎవరికో జాగీరు ఇచ్చిన పత్రం అట. అమ్మినాయన అలా చెప్పాడట. మా గుంపులో ఒక పెద్దాయన ఉన్నారు. ఉర్దూ మీడియంలో చదువుకుని టీచరుగా రిటైరైన మనిషి. ఆయన కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వెళ్లి చదవడం మొదలుపెట్టారు. ఆ హాల్లో ఆ కాగితాన్ని నిజంగా చదవబోతున్న మొదటి మనిషి ఆయనే. అందరం కాఫీ కప్పులు పట్టుకుని నిలబడ్డాం.

"జాగీరు కాదండీ ఇది" అన్నారు కాసేపటికి. "ఎవరో ఆవిడ, భర్త పోయాడు, పిల్లలున్నారు, పింఛను ఇప్పించమని అర్జీ. కింద హుకుం ఉంది. నామంజూరు."

ఇంటాయన మొహం చూడాలి. మంజూరైన జాగీరు కోసం డబ్బు కట్టాడు, నామంజూరైన పింఛను వచ్చింది. "అయినా సంతకం రాజుగారిదే కదా?" అన్నాడు, ధైర్యం తెచ్చుకుని. ఆయన బాధ ఆయనది.

"ఆవిడ పేరేమిటండీ?" అని ఎవరో అడిగారు.

పెద్దాయన కాగితం పై అంచు చూపించారు. నేరుగా, నున్నగా, కత్తెరతో తీసేసిన అంచు. పేరు, ఊరు, భర్త పేరు, ఉద్యోగం అన్నీ ఆ పైభాగంలోనే ఉంటాయి. అది లేదు. "ఫ్రేము సైజుకు పెద్దదైందట సార్" అన్నాడు ఇంటాయన. "సంతకం పోలేదుగా."

ఇక్కడ నవ్వు నా వల్ల కావడం లేదు. ఒకావిడ మొగుడు పోయి, పిల్లల్ని వేసుకుని, బహుశా తనకు చదవడం రాని భాషలో ఎవరో లేఖరికి డబ్బిచ్చి అర్జీ రాయించుకుంది. అది ఆఫీసులు దాటి, మెట్లెక్కి, రాజు దాకా వెళ్లింది. ఆయన కాదు పొమ్మన్నాడు. ఆవిడ గురించి లోకంలో మిగిలిన సాక్ష్యం ఆ ఒక్క కాగితమే అయి ఉండొచ్చు. ఇన్నేళ్లకు ఒకడు దాన్ని కొని, కాదన్నవాడి పేరు ఉంచుకుని, అడిగినావిడ పేరు కోసి పారేశాడు. రాజు పింఛను ఒక్కటే నిరాకరించాడు. వీడు ఆవిడ ఉనికినే నిరాకరించాడు. ఫ్రేము సైజుకు పెద్దదైందట! పెద్ద ఫ్రేము కొనడానికి నీ దగ్గర డబ్బు లేకపోయిందా?

ఇది ఒక్కడి అజ్ఞానం అయితే వదిలేద్దును. సంతకాల వ్యాపారంలో దీనికి ప్రత్యేకంగా పేరుంది, 'కట్ సిగ్నేచర్'. పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో పెద్దింటి మనుషులు ఉత్తరాల్లోంచి సంతకాలు కత్తిరించి ఆల్బముల్లో అంటించుకునేవారు, మిగతా ఉత్తరం పొయ్యిలోకి. ఆ ముక్కలు ఇప్పటికీ అమ్ముడుపోతున్నాయి. ఎలుకలు తిన్నవీ చెదలు తిన్నవీ పోనీ, వాటికి చదువు రాదు.

తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. మొఘలుల కాలం నాటి కాగితాలే అక్కడ లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో ఔరంగజేబు దక్కన్ సైన్యపు హాజరు పట్టీలు కొన్ని. సిపాయి పేరు, తండ్రి పేరు, ఒంటి రంగు, కనుబొమలు ఎలా ఉన్నాయి, మొహం మీద మచ్చ ఎక్కడుంది, గుర్రం రంగేమిటి, దాని మీద ఏ ముద్ర కాల్చారు, ఇవన్నీ రాసి ఉంటాయి. ఒకడి బదులు ఇంకొకడు వచ్చి జీతం పట్టుకుపోకుండా ఉండటానికి ఏర్పాటు. మూడు వందల ఏళ్ల పైనాటి మామూలు మనిషి మొహం అలా మిగిలింది. అందులో చక్రవర్తి సంతకం ఉండదు కాబట్టి దేవుడి దయవల్ల దాన్ని హాల్లో పెట్టుకోవాలని ఎవరికీ అనిపించదు.

చట్టం కూడా ఉంది. చారిత్రక విలువ ఉండి డెబ్బయి అయిదేళ్లు దాటిన పత్రం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువే. దేశం దాటించకూడదు, వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. నిజాం పాలన 1948లోనే ముగిసింది కాబట్టి ఆయన ఏలుబడిలో రాసిన ప్రతి కాగితానికీ ఆ వయసు నిండిపోయింది. మీకు అమ్మినాయన లైసెన్సు చూపించాడా? సర్టిఫికెట్ చూపించాడు. సరే.

కొనవద్దని చెబితే మీరు వినరని తెలుసు. కనీసం కొన్నది కొన్నట్టు ఉంచండి. కత్తెర దూరంగా పెట్టండి. ఇప్పటికే కోసి ఉంటే, ఆ ముక్క ఫ్రేములు కట్టే షాపులో ఇంకా ఉందేమో ఇవాళే వెళ్లి వెతకండి. స్పాట్ లైట్లు ఆర్పండి, వెలుతురుకు కాగితం పాడవుతుంది. ఉర్దూ వచ్చిన మనిషిని పిలిచి, కాఫీ ఇచ్చి, మొత్తం చదివించుకుని, ఆ అర్థం వేరే కాగితం మీద రాసి పక్కన పెట్టండి. ఎక్కడ కొన్నారో, ఏ ఊరి నుంచి వచ్చిందన్నారో అందులోనే రాయండి. ముఖ్యంగా లామినేషన్ చేయించకండి. పట్టాదారు పాసుపుస్తకం దగ్గర్నుంచి పదో తరగతి మార్కుల మెమో దాకా వేడి ప్లాస్టిక్‌లో ఒత్తించే జాతి మనది, ఆ చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు. అంతగా దురద పుడితే ఫ్రేము వెనక జేబులో అమ్మినాయన ఇచ్చిన సర్టిఫికెట్ ఉంది కదా, దాన్ని చేయించుకోండి.