ఆర్‌ఓ సందేశంలో లెక్కకు రాని నాలుగు బిందెలు

నీటిలో కరిగిన లవణాలను తీసేసే ఆర్‌ఓ యంత్రాల గురించి మా అనంతపురం వాట్సాప్ బృందాల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం: "కుళాయి నీరు విషం. నమ్మకపోతే కరెంటు పరీక్ష చూడండి. టీడీఎస్ 50 లోపు ఉంటేనే స్వచ్ఛం. ఇంటింటా ఆర్‌ఓ పెట్టుకోండి. అది వదిలే నీరు భూమిలోకే ఇంకుతుంది, నష్టం లేదు. ఏడాదికోసారి ఫిల్టరు మారిస్తే చాలు."

ముందు ఆ కరెంటు పరీక్ష సంగతి. అమ్మడానికి వచ్చిన మనిషి ఒక గ్లాసులో కుళాయి నీరు, మరో గ్లాసులో ఆర్‌ఓ నీరు పోసి, కడ్డీలున్న పరికరం ముంచి స్విచ్ వేస్తాడు. కాసేపట్లో కుళాయి నీరు ఇటుక రంగు బురదవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు హడలిపోతారు. ఆ బురద కడ్డీలోంచి వచ్చింది. నీటిలో కరిగిన లవణాల వల్ల విద్యుత్తు పారి ఇనుప కడ్డీ కరుగుతుంది, ఆ తుప్పే తేలుతుంది. లవణాలు తీసేసిన నీటిలో కరెంటు అంతగా పారదు కనుక అది తేటగా ఉంటుంది. ఈసారి ఎవరైనా వస్తే ఆ ఆర్‌ఓ గ్లాసులోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వేయమనండి.

టీడీఎస్ అంటే నీటిలో కరిగినవాటి మొత్తం. అందులో కాల్షియం, మెగ్నీషియం కూడా ఉంటాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు మంచిదే, వేరే నీరు దొరకనిచోట 2000 వరకు ఒప్పుకుంటారు. 50 లోపే ఉండాలన్న నిబంధన వాటిలో లేదు. పైగా టీడీఎస్ కొలిచే మీటరుకు క్రిములు కనిపించవు.

"నష్టం లేదు" అన్నచోటే నాకు కోపం వచ్చింది. ఇళ్లలోని మామూలు యంత్రం లీటరు నీరిచ్చేసరికి దాదాపు మూడు లీటర్లు వదిలేస్తుంది. తాగడానికీ వంటకూ రోజుకు 20 లీటర్లు పట్టుకునే ఇంట్లో 60 లీటర్లు, అంటే నాలుగు బిందెలు, కాలువ పాలు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. చాలాచోట్ల వందల అడుగుల లోతు నుంచి కరెంటు పెట్టి తోడుకునే నీరిది. భూమిలోకి ఇంకుతుందట! సిమెంటు రోడ్డు, సిమెంటు కాలువ ఉన్న వీధిలో ఇంకడానికి మట్టి ఏది? ఇంకినా, నాలుగు లీటర్లలో ఉన్న లవణాలూ ఫ్లోరైడూ దాదాపు అన్నీ ఆ మూడు లీటర్లలోకి చేరి మరింత చిక్కబడి దిగుతాయి. గిన్నెలు తోమడానికో నేల తుడవడానికో పట్టుకుంటే కొంత నయం.

ఆర్‌ఓ ఎక్కడా వద్దనడం లేదు. బోరు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటే పల్లెలు మా దగ్గర ఉన్నాయి. సత్యసాయి తాగునీటి పథకం 1990లలో ఏడు వందలకు పైగా గ్రామాలకు నీరందించడం వెనుక ఉన్న బాధ అదే. అక్కడ కూడా ఫ్లోరైడ్ ఒక్కటే ఇబ్బంది అయితే పటిక, సున్నంతో చేసే నల్గొండ పద్ధతి ఉంది, యాక్టివేటెడ్ అల్యూమినా వడపోత ఉంది. మా ఇంటి కుళాయి నీరు మాత్రం మీటరులో 500కు చాలా దిగువనే చూపింది. అలాంటి చోట్ల ఆర్‌ఓను నిషేధించాలనీ, మిగతా చోట్ల కనీసం 60 శాతం నీరు దక్కేలా యంత్రాలుండాలనీ పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. క్రిముల భయమైతే కాచి చల్లార్చుకోవచ్చు. గ్యాసు ఖర్చవుతుంది, నిజమే.

ఇక ఏడాదికోసారి మార్చే ఫిల్టరు. అది రకరకాల ప్లాస్టిక్‌లు కలగలిసిన గొట్టం. పాతది ఎక్కడికి పోతుందో సందేశంలో రాయలేదు. మా వీధిలో అది తడి చెత్తతో కలిసి బండెక్కుతోంది.