స్పీడ్ రావట్లేదని పెద్ద మోటార్ కొనెయ్యకండి

లూయిస్‌విల్ లేక్, రే రాబర్ట్స్ వైపు చేపలకెళ్ళే మన డాలస్ తెలుగోళ్ళ మధ్య ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. 14 అడుగుల అల్యూమినియం బోటు, 9.9 హార్స్‌పవర్ మోటార్, స్పీడ్ రావట్లేదా? అయితే మోటార్‌ని వీలైనంత లోతుకి దించండి, ఆయిల్ కాస్త ఎక్కువ కలపండి, పిచ్ (ఒక్క చుట్టుకి ప్రొపెల్లర్ ముందుకెళ్ళే దూరం) ఎక్కువున్న ప్రొపెల్లర్ వెయ్యండి, అప్పటికీ కాకపోతే 25 హార్స్‌పవర్ కొనెయ్యండి అని. నాలుగూ తప్పే, చివరిదైతే ప్రాణం మీదకి తెచ్చేది.

ముందు లోతు సంగతి. ప్రొపెల్లర్‌కి పైన అడ్డంగా ఒక ప్లేట్ ఉంటుంది, కావిటేషన్ ప్లేట్ అంటారు, అది బోటు అడుక్కి సమానంగా ఉండాలి, మహా అయితే ఓ అంగుళం అటూ ఇటూ. బోటు ట్రైలర్ మీదున్నప్పుడే అడుగున ఒక తిన్నని కర్ర ఆనించి వెనక్కి చాపితే చాలు, తేడా కళ్ళకి కనిపిస్తుంది. 15 అంగుళాల ట్రాన్సమ్‌కి, అంటే మోటార్ బిగించే వెనక గోడకి, 20 అంగుళాల లాంగ్ షాఫ్ట్ మోటార్ తగిలించారనుకోండి, ఆ ఎక్కువైన ఐదంగుళాలూ నీళ్ళలో బ్రేకులా పట్టేస్తాయి. మరీ పైకి లేపినా కష్టమే, ప్రొపెల్లర్ గాలి పీల్చుకుని ఇంజిన్ గోల పెడుతుంది గానీ బోటు కదలదు.

అసలు చాలామంది చూడంది బరువు. మనిషి వెనకే, పెట్రోల్ ట్యాంక్ వెనకే, బ్యాటరీ కూడా వెనకే, ఇంక ముక్కు ఆకాశంలోకి లేవక ఏం చేస్తుంది? ట్యాంక్, బ్యాటరీ ముందుకి జరిపి, మోటార్ వంపు మార్చే టిల్ట్ పిన్‌ని ఒక రంధ్రం బోటు వైపుకి మార్చి చూడండి, పైసా ఖర్చు లేదు.

ఆయిల్ ఎక్కువైతే ఇంజిన్‌కి మంచిదనేది పెద్ద అపోహ. అసలా మోటార్ ఫోర్ స్ట్రోక్ అయితే పెట్రోల్లో ఆయిల్ కలపడమే ఉండదు, ఆ ముక్క ఫార్వర్డ్‌లో ఎక్కడా లేదు! టూ స్ట్రోక్‌లో 50:1 (యాభై వంతుల పెట్రోల్‌కి ఒక వంతు ఆయిల్) అని మాన్యువల్లో ఉంటే గ్యాలన్‌కి దాదాపు 2.6 ఔన్సులు, అంతే. ఎక్కువ పోస్తే పొగ, మసి పట్టిన ప్లగ్గులు, పైగా ఆయిల్ పెరిగినంత మేర మిక్స్‌లో పెట్రోల్ తగ్గి ఇంజిన్ లీన్‌గా, అంటే పెట్రోల్ చాలక, నడుస్తుంది. బాగా పాత మోటార్లకి 24:1 ఉండేది, వాటి లెక్క వేరు.

పిచ్ ఒక అంగుళం పెంచితే ఇంచుమించు 150 నుంచి 200 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) పడిపోతుంది. ఫుల్ థ్రాటిల్‌లో 5000-6000 తిరగాల్సిన మోటార్ 4500 దగ్గరే ఆగిపోతుంటే దానికి తక్కువ పిచ్ కావాలి, వీళ్ళేమో ఎక్కువ వెయ్యమంటున్నారు. ప్లగ్ వైరుకి చుట్టి ఆర్‌పీఎం చూసుకునే చవక టాకోమీటర్ ఉంటుంది, అది పెట్టి చూడకుండా ప్రొపెల్లర్ మార్చడం దండగ.

ఇంక ఆ 25 హార్స్‌పవర్. 1972 నవంబర్ నుంచి అమెరికాలో తయారైన 20 అడుగుల లోపు మోటార్ బోట్లకి కెపాసిటీ ప్లేట్ ఉంటుంది, దాని మీద మీ బోటుకి గరిష్ఠంగా ఎంత హార్స్‌పవరో రాసుంటుంది, చదవండి. దాటితే ట్రాన్సమ్ చీలొచ్చు, మలుపులో బోటు తిరగబడొచ్చు. పుచ్చిపోయిన ట్రాన్సమ్ చెక్క తీసి ప్రెషర్ ట్రీటెడ్ ప్లైవుడ్ బిగించేవాళ్ళూ ఉన్నారు, అందులోని రాగి అల్యూమినియంని తినేస్తుంది, అలాంటిదాని మీద ఇంకా బరువైన మోటారా బాబూ?

డబ్బు తియ్యకముందు ఇంకోటి చూడండి. ఇంజిన్ ఐదు నిమిషాలు బానే నడిచి ఆగిపోతూ, పెట్రోల్ ట్యూబ్ మధ్యనుండే రబ్బరు ప్రైమర్ బల్బు లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తే, పాత రకం ట్యాంకయితే మూత మీదున్న చిన్న గాలి స్క్రూ మూసుకుపోయి ఉంటుంది, తిప్పి తెరిస్తే బల్బు మళ్ళీ ఉబ్బుతుంది, ఇంజిన్ అందుకుంటుంది. అదీ కాకపోతే చలికాలమంతా ట్యాంక్‌లో మగ్గిన 10 శాతం ఇథనాల్ పెట్రోల్ పారబోసి, జిగురు పట్టిన కార్బ్యురేటర్ జెట్లు (పెట్రోల్ వెళ్ళే సన్నని రంధ్రాలు) క్లీన్ చేయించండి. మనిషి పడిపోతే ఇంజిన్ ఆపేసే కిల్ స్విచ్ తాడు మాత్రం ఒంటికి తగిలించుకునే టెస్ట్ చెయ్యండి, స్పీడ్‌గా పోయేటప్పుడు అది 2021 ఏప్రిల్ నుంచి ఫెడరల్ రూల్ కూడా.