కళ్ళు పోతాయని నా కూతురికి చెప్పకండి

మొన్న శుక్రవారం రాత్రి మా అమ్మాయి పడుకోకుండా నా మొహం మీదకి వంగి, మూడు వేళ్ళు చూపించి "ఇవెన్ని నాన్నా?" అంది. మూడురా అంటే, ఇంకో చెయ్యి పెట్టి మళ్ళీ అడిగింది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది, దేవుణ్ని నమ్మనివాళ్ళకి కళ్ళు పోతాయని వాళ్ళ టీచర్ క్లాసులో అన్నారట. తొమ్మిదేళ్ళ పిల్ల, ఆ రాత్రంతా ఆ టెన్షన్‌తోనే ఉంది.

నేను దేవుణ్ని నమ్మను. పదిహేనేళ్ళయింది. ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది మా అమ్మకే. అలాగని నా అపనమ్మకాన్ని పిల్లకి నూరిపోయలేదు, పోయను కూడా.

కిందటి భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం చూడ్డానికి అమ్మా, నేనూ, పిల్లా వెళ్ళాం. నరసాపురం రేవులో గోదారి దాటించే పంటు ఎక్కాం. నడి గోదారికి రాగానే అమ్మ కొంగుముడి విప్పి, రూపాయి బిళ్ళ పిల్ల చేతిలో పెట్టి, గోదారమ్మకి వెయ్యమ్మా అంది. అది వేసి, దణ్ణం పెట్టి, నువ్వు వెయ్యవా అన్నట్టు నాకేసి చూసింది. నాకు నమ్మకం లేదురా, నానమ్మకి ఉంది అన్నాను. "మరి నాకు?" అంది. అది నీకే తెలియాలి, ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. కాసేపటికి వేయించిన వేరుశనక్కాయలు గుప్పెడు తీసి నా చేతిలో పోసింది.

కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్తాను. పచ్చటి చేలల్లోంచి, కౌశిక ఏటి నీళ్ళల్లోంచి, వెదురుతో కట్టి దేవుణ్ని నిలిపిన ప్రభల్ని భుజాల మీద మోసుకొస్తుంటే, చేను తొక్కుడుపడినా రైతు సంతోషిస్తాడు చూడండి, అది మా పిల్ల చూడాలి. "శరభ శరభ" అని నాతోపాటు అదీ అరుస్తుంది. డిసెంబర్లో పక్కింటివాళ్ళు డాబా మీద స్టార్ కడుతుంటే నిచ్చెన పట్టుకునేదీ ఇదే.

ఇది రాజీ అంటారు కొందరు హేతువాద మిత్రులు. నాస్తికోద్యమం నడిపిన గోరాగారి పేరెత్తుతారు. 1933లో దేవుడి మీద వ్యాసం రాశారని కాకినాడ పీఆర్ కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి, పిల్లలకి లవణం, విజయం, సమరం అని పేర్లు పెట్టిన మనిషి. ఆయనంటే నాకు చాలా గౌరవం. కానీ ఆయన తనంతట తాను ఆలోచించి ఆ దారికి వచ్చారు. నా కూతురు మాత్రం నేను చెప్పాను కాబట్టి నమ్మకం మానేస్తే, వాళ్ళ నానమ్మ చెప్పిందని నమ్మడానికీ దానికీ తేడా ఏముంది? ఇరవయ్యేళ్ళొచ్చాక భక్తురాలైతే ఏం చేస్తావని ఒకాయన అడిగాడు. రేవు దాకా బండి మీద దింపి వస్తాను.

నన్ను బాధపెట్టేది భక్తి కాదు, పిల్లల్ని భయపెట్టడం. చేర్పించేటప్పుడే ఆ స్కూల్లో మతం గడి ఖాళీగా వదిలేస్తే, "పేరు చూస్తే తెలుస్తుంది కదండీ" అని గుమాస్తా తనే నింపేశాడు, నేను ఊరుకున్నాను. ఊరుకోకూడదు. గుర్తింపు ఉన్న ఏ స్కూల్లోనైనా తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లల్ని మత బోధనలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. ప్రార్థన పద్యాలు నేర్పితే నాకు అభ్యంతరం లేదు, మంచి తెలుగు వస్తుంది. వాళ్ళ నాన్న కళ్ళు పోతాయని మాత్రం చెప్పొద్దు.

సోమవారం ఆ టీచర్‌ని కలుస్తాను. నెమ్మదిగానే మాట్లాడతాను. పిల్లని కూడా పక్కనే కూర్చోబెట్టుకుంటాను.